గీకేసిన లేబుల్

ఇల్లు అద్దంలా ఉంటుందని మెచ్చుకుని మెచ్చుకుని చుట్టుపక్కలవాళ్లు ఆవిడకు అద్దాలమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి ఆవిడ పడని పాటు లేదు. బజారు నుంచి ఏ డబ్బా వచ్చినా లేబుల్‌ను వేడినీళ్లలో నానబెట్టి, గోటితో గీకి, లోపలి సరుకును ఒకే రకం గాజుసీసాల్లోకి వంపేది. సింకు గొట్టం పూడుకుపోతే పోసే మందుకూ అదే మర్యాద.

“చెయ్యి కాలుతున్న బొమ్మ ఉంది కదక్కా, దాన్ని ఆ డబ్బాలోనే ఉండనీ,” అన్నాడు తమ్ముడు ఓసారి.

“పొద్దున లేచి ఆ దిక్కుమాలిన బొమ్మ మొహం చూడాలా? ఆ రాతలన్నీ బుర్ర లేనివాళ్ల కోసంరా. ఏ సీసాలో ఏముందో నాకు తెలుసు.”

నిజమే, ఆవిడకు తెలుసు. మొగుడికి కూడా తెలియాలన్న సంగతే ఆ మహాతల్లికి తట్టలేదు.

ఎండనపడి వచ్చిన ఆ మానవుడు వంటింటి గట్టు మీద సీసాను మంచినీళ్లనుకుని ఎత్తి ఒక గుక్క మింగాడు. సీసా చేజారి భళ్లున పగిలింది. గొంతు పట్టుకుని ఆయన కూలబడితే, అద్దాలమ్మ ముందుగా చేసిన పనేమిటనుకున్నారు? నేలకు మరక పడుతుందని పెంకులు ఎత్తిపారేసి, బకెట్లకొద్దీ నీళ్లు పోసి కడిగింది. ఆ తర్వాతే తమ్ముడికి ఫోను చేసింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ మొదట అడిగింది అదే. “ఏం తాగారు? ఆమ్లమా, క్షారమా?”

“సింకు మందండి. నీళ్లలా ఉంటుంది.”

“డబ్బా మీద రాసుంటుందిగా?”

“గీకేశానండి. డబ్బా కూడా పారేశాను.”

“సీసాలో ఏమైనా మిగిలిందా?”

“చుక్క లేకుండా కడిగేశానండి.” ఆ గొంతులో ఆ పూట కూడా కాస్త గొప్ప వినబడింది.

తమ్ముడు దుకాణానికి పరుగెత్తి రెండు డబ్బాలు తెచ్చాడు. రెండూ సింకు మందులే, రెండూ నీళ్లలాగే ఉన్నాయి. ఒకటి ఆమ్లం, ఇంకోటి క్షారం. రెండింటి మీదా ఎర్రటి అక్షరాలు: ‘వేరే సీసాలో పోయరాదు.’ మింగితే ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో ఆ కిందనే ఉంది. జన్మలో మొదటిసారి అద్దాలమ్మ ఒక లేబుల్‌ను చివరిదాకా చదివింది.

“వీటిలో మీరు కొన్నది ఏదమ్మా?” అంది డాక్టరమ్మ.

లోపల మొగుడి మూలుగు వినబడుతోంది. ఆయనకు మాట రావడం లేదు. అద్దాలమ్మ ఈ డబ్బా వంక చూసింది, ఆ డబ్బా వంక చూసింది.

“ఏదో ఒకటి అనుకుని వైద్యం చెయ్యండమ్మా,” అంది.