గెలుస్తున్నప్పుడు లేవకూడదు

దశరథరామయ్య జన్మలో వాలీబాల్ ముట్టుకున్న పాపాన పోలేదు. అయినా జగ్గయ్యపేటలో ఆట మాట ఎత్తితే ఆయన తరవాతే ఎవరైనా. ఏ ఆటగాడు ఎండకు తట్టుకోలేడో, ఎవడు ఒక్క గేము పోగానే తల వేలాడేస్తాడో ఆయనకు కంఠతా వచ్చు. మిరపతోటలో కాయలు పండి రాలిపోతున్నా సరే, ఎక్కడైనా పందెం ఉందంటే తువ్వాలు భుజాన వేసుకుని బస్సెక్కేవాడు. "ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావిడంటే ఇదే," అనేది ఆయన భార్య బసవమ్మ. ఆయన నవ్వేసేవాడు. నవ్వక ఏం చేస్తాడు, ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు గదా.

"ఆట చేతుల్లో ఉండదోయ్, ఇక్కడుంటది," అని రొమ్ము మీద చరుచుకుని చెప్పేవాడు కనిపించిన ప్రతివాడికీ. "గుండె గట్టిగా ఉన్నోడు కుంటుతూ ఆడినా గెలుస్తాడు. లేనోడికి ఏనుగు బలమున్నా దండగే." ఒడ్డున కూర్చున్నవాడికి ఏటిలోతు ఏం తెలుస్తుందని ఎవరూ ఆయన్ని అడగలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ, అంతే.

ఆయన దృష్టిలో ఆ గుండె ఉన్నవాడు ఒక్కడే. పేరు ప్రేమదాసు. వీరులపాడు ఊరవతలి పల్లెలోని క్రైస్తవుల కుర్రాడు, పాతికేళ్ళు లేవు. మిషన్ బడిలో చదివేటప్పుడు ఆట పట్టుబడింది. నూనెమిల్లు యజమాని జగన్నాథరావు ఎక్కడో వాడి ఆట చూసి, జగ్గయ్యపేట తీసుకొచ్చి తన జట్టులో వేసుకున్నాడు. ఆడినంత కాలం మిల్లులో పని, అదీ ఒప్పందం. పందాలున్న రోజుల్లో బంతి, లేని రోజుల్లో వేరుశనగ బస్తాలు. ఆ మిల్లు కూలి మీదే వీరులపాడులో తల్లి సౌభాగ్యమ్మ, చెల్లెలు జయమణి బతుకుతున్నారు. అంతకు ముందు ఏడు బుల్లిబాబు అనే ఆటగాడు జ్వరమని ఒక పందేనికి రాలేదు. వారం తిరిగేసరికి మిల్లులో అతని చోట ఇంకొకడు బస్తాలు మోస్తున్నాడు. "మంచిపని చేశాడు జగన్నాథరావు. వంద డిగ్రీల జ్వరానికే మంచమెక్కేవాడు ఆటకేం పనికొస్తాడు?" అన్నాడు దశరథరామయ్య అప్పట్లో.

ప్రేమదాసు అలా కాదు. మధిర పందెంలో నెట్టు దగ్గర వాడి చిటికెనవేలు విరిగింది. గుడ్డపీలికతో పక్క వేలికి కట్టుకుని, కిక్కురుమనకుండా ఆట పూర్తిచేశాడు. ఆ కథను దశరథరామయ్య చెప్పని అరుగు లేదు. "వాడి గుండె రాయి. మనవాడని చెప్పడం కాదు, జిల్లా మొత్తం గాలించినా అట్లాంటోడు దొరకడు," అనేవాడు. సొంత కొడుకు గురించి కూడా అంత మురిపెంగా చెప్పి ఎరగడు.

అరవై రెండో సంవత్సరం ఎండాకాలంలో నందిగామలో టోర్నమెంటు జరిగింది. ఆఖరి పందెం నందిగామకీ జగ్గయ్యపేటకీ పడింది. అసలే ఆ రెండు ఊళ్ళకీ ఉప్పూ నిప్పూ. జగ్గయ్యపేట నుంచి బస్సులు, లారీలు, ఎడ్లబళ్ళు కట్టుకుని జనం వచ్చారు. ఆడేచోటు చుట్టూ తాడు కట్టారు. తాడు లోపల కుర్చీల్లో పెద్దమనుషులు, బయట మిగతా లోకం. దశరథరామయ్యకు లోపలే కుర్చీ దొరికింది.

ఆయనకో నియమం ఉంది. తమ జట్టు గెలుస్తున్నప్పుడు కూర్చున్నచోటు నుంచి లేవకూడదు, తువ్వాలు ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చకూడదు. ఆయన ఒక్కడి పిచ్చే అయితే పోనీలే అనుకోవచ్చు, జగ్గయ్యపేట గుంపు అంతటిదీ అదే వరస. ఒకసారి రత్తయ్య అనే కిరాణాకొట్టాయన గెలిచే ఆట మధ్యలో మంచినీళ్ళకని లేచాడు, జట్టు ఓడిపోయింది. మళ్ళీ ఏడు దాకా అతన్ని తిట్టనివాడు పాపాత్ముడు. ఆ రత్తయ్యే ఇప్పుడు దశరథరామయ్య పక్క కుర్చీలో మేకు దిగ్గొట్టినట్టు కూర్చున్నాడు.

మొదటి గేము జగ్గయ్యపేట గెలిచింది. రెండోది మొదలైన కాసేపటికి తాడు వెనకనుంచి ఎవరో సన్నగా పిలిచారు. దశరథరామయ్య తల తిప్పి చూశాడు. ప్రేమదాసు మేనమామ ఏసురత్నం. ఒళ్ళంతా చెమట, పిక్కల దాకా దుమ్ము. అంతదూరం ఎండలో నడిచే వచ్చినట్టున్నాడు.

"దండాలండి అయ్యా. మా దాసుగాణ్ణి ఒక్కసారి పిలిపించండయ్యా. మా అక్కకి తెల్లారుగట్ల నించి వాంతులు, విరేచనాలండి. కళ్ళు లోపలికి పీక్కుపోయినయ్యి. కొడుకుని చూడాలని ఒకటే కలవరిస్తంది."

దశరథరామయ్య కుర్చీలోనే వెనక్కి తిరిగాడు. "వైద్యం చేయించారా?"

"కాంపౌండరొచ్చి సూదేశాడండి. సాయంత్రం దాకా గడిస్తే చూద్దామన్నాడండి."

సాయంత్రం దాకా అన్న ముక్క ఆయన చెవికి ఎక్కింది, గడిస్తే అన్నది ఎక్కలేదు. మనిషి తనకు కావలసిందే వింటాడు. "సాయంత్రం దాకా టైముందన్నాడుగా. గంటలో ఆట అయిపోద్ది. అవ్వగానే జగన్నాథరావుగారి జీపులో నేనే వాణ్ణి ఎక్కించుకొస్తా. నువ్వూ అందులోనే వద్దువుగాని."

"ఆలిస్యమైతదేమోనండి."

"ఇప్పుడు చెబితే వాడి మనసు చెడిపోద్ది, ఏసురత్నం. అయినా వాడి సంగతి నీకు తెలవదు, నాకు తెలుసు. ఆట మధ్యలో వదిలేసొచ్చే రకం కాదు వాడు. కూర్చో."

ఏసురత్నం తాడు అవతలే గొంతుక్కూర్చున్నాడు. తనే తాడు దాటి పోయి మేనల్లుణ్ణి పిలుచుకోవచ్చు గదా అంటారేమో. ఆ రోజుల్లో పల్లె మనిషి ఆ కుర్చీల మధ్యనుంచి నడిచి, నందిగామ, జగ్గయ్యపేట పెద్దలంతా చూస్తుండగా ఆట ఆపగలడా? ఎవరో ఒక పెద్దమనిషి నోటితో కబురు లోపలికి పోవాలి. ఆ పెద్దమనిషి దశరథరామయ్యే అయ్యాడు.

ఆయనేమీ కర్కోటకుడు కాదు. ఒక పక్కనుంచి ఏసురత్నం ఒగర్పు వినిపిస్తూనే ఉంది. ఉండబట్టలేక కుర్చీ చేతుల మీద బరువు వేసి సగం లేచాడు కూడా. సరిగ్గా అప్పుడే ప్రేమదాసు కొట్టిన షాటు అవతలి గీత మీద పడింది. జనం హోరెత్తారు. రత్తయ్య ఆయన పంచె పట్టుకుని కిందికి లాగాడు. "కూర్చోవయ్యా బాబూ. నీకు పుణ్యముంటది. నా గతి నీకూ పట్టాలా?"

ఆయన కూర్చున్నాడు.

ఆ తరవాత ప్రేమదాసు సర్వీసుకు వెనక్కి వచ్చిన ప్రతిసారీ, బంతి ఎగరేసే ముందు ఆయన వంక చూడటం మొదలుపెట్టాడు. కళ్ళార్పకుండా, దవడ బిగించి చూసేవాడు. ఆ చూపు చూస్తే దశరథరామయ్యకు ఒళ్ళు పులకరించింది. పౌరుషమంటే అదీ అనుకున్నాడు. పిడికిలి బిగించి గాల్లోకి ఎత్తి, "కొట్టరా దాసూ," అని అరిచాడు. ప్రేమదాసు చూపు తిప్పుకుని సర్వీసు కొట్టాడు. బంతి నెట్టుకు తగిలి కిందపడింది. మరోసారీ అంతే అయింది. రెండో గేము పోయింది.

మూడో గేములో మాత్రం వాడు మనిషిలా ఆడలేదు. నందిగామ వాళ్ళు చేతులు అడ్డం పెట్టినా, ముగ్గురు కలిసి ఎగిరినా, బంతి వాళ్ళని చీల్చుకుని పోయింది. ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య వాడికి ఊపిరి తీసుకునే ఓపిక కూడా లేనట్టు, ఎవరో తరుముతున్నట్టు ఆడాడు. జగ్గయ్యపేట గెలిచింది. జనం తాడు తెంపుకుని లోపలికి పడ్డారు. ప్రేమదాసును భుజాల మీదికి ఎత్తుకున్నారు, దండలు వేశారు. వాడు పైనుంచి దిగాలని గింజుకుంటుంటే సిగ్గుపడుతున్నాడనుకుని ఇంకా పైకి ఎత్తారు. దశరథరామయ్య ఆ గుంపును తోసుకుంటూ పోయి, కాలు పట్టుకుని కిందికి లాగి, చెవిలో సంగతి చెప్పాడు. వాడు ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. దండలు తీసి పక్కనున్నవాడి చేతిలో పెట్టి జీపు వైపు పరుగెత్తాడు.

ముగ్గురూ ఎక్కిన జీపు వీరులపాడు పల్లె మలుపు తిరిగేసరికి పొద్దు గుంకుతోంది. ఏడుపులు రోడ్డు మీదికే వినిపించాయి. చెల్లెలు జయమణి ఎదురొచ్చి ప్రేమదాసు రెండు చేతులూ పట్టుకుంది. "ఇందాకటిదాకా నీ పేరే పిలిచిందన్నా. బండి చప్పుడైతే చాలు, మా దాసొచ్చాడా అని అడిగింది. వచ్చేత్తన్నాడమ్మా, వచ్చేత్తన్నాడమ్మా అని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది."

దశరథరామయ్య ఆ రాత్రి ఇంటికి పోలేదు. ఎవరో తెచ్చివేసిన నులకమంచం మీద, పల్లెలో మొట్టమొదటిసారిగా కూర్చుని తెల్లవార్లూ గడిపాడు. ఎవరూ ఆయన్ని పొమ్మనలేదు, పలకరించనూ లేదు. ఏసురత్నమైనా వచ్చి నాలుగు దులిపేస్తే బాగుండునని ఆయనకు అనిపించింది. ఏసురత్నం మాత్రం మంచినీళ్ళ చెంబు ఆయన పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

పొద్దున పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. సమాధి చేసి అందరూ వెనక్కి మళ్ళాక, ప్రేమదాసు చేతులకు అంటిన మట్టి దులుపుకుంటూ ఒక్కడే నిలబడ్డాడు. దశరథరామయ్య వాడి దగ్గరికి వెళ్ళాడు.

"అప్పుడే చెప్పాల్సిందిరా దాసూ. మీ మామ రాగానే చెప్పాల్సింది. నీ గుండె రాయనుకున్నా. మధ్యలో కబురు చెబితే నీకు నామర్దా అనుకున్నా. నన్ను నాలుగు తిట్టరా, పడతా."

ప్రేమదాసు తలెత్తలేదు. "మామ వచ్చి కూర్చోటం నేను చూశానండి."

దశరథరామయ్యకు అర్థం కాలేదు. "చూశావా?"

"చూశానండి. ఏదో అయిందని తెలిసిపోయింది. లేకపోతే మామ అంతదూరం ఎందుకొస్తాడండి."

"మరి వచ్చెయ్యకపోయావా? ఒక్కసారి ఆపి అడక్కపోయావా?"

"ఎట్లా వస్తానండి? నా అంతట నేనొచ్చేస్తే మళ్ళీ నన్ను మిల్లు గుమ్మం తొక్కనిస్తారా? బుల్లిబాబుకేమయిందో మీకు తెలుసుగదండి. మీలాంటి పెద్దోళ్ళు లేచి, దాసూ, ఇట్లా రారా అంటే ఎవరూ ఏమీ అనరు. అందుకే సర్వీసు కొచ్చినప్పుడల్లా మీ వంక చూశా. మీరు పిలుస్తారని." ఎవరినో సముదాయిస్తున్నట్టు నెమ్మదిగా అన్నాడు, "మీరు పిడికిలెత్తారు. ఇంక లాభం లేదు, తొరగా ముగించెయ్యాలనుకున్నా. మధిరలో వేలిరిగినప్పుడూ అంతేనండి. రాయేం లేదండి నాలో. భయమండి."

దశరథరామయ్య పక్కనున్న మట్టిదిబ్బ మీద కూలబడ్డాడు. అన్ని ఊళ్ళ అరుగుల మీద ఇన్నేళ్ళూ తను గొప్పగా చెప్పుకున్నది ఆ కుర్రాడి భయాన్నా అనుకునేసరికి దుఃఖం ముంచుకొచ్చింది. తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు.

ప్రేమదాసు ఆయన ఏడుపు తగ్గేదాకా పక్కనే నిలబడ్డాడు. వెళ్ళడానికి రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి, చేతులు కట్టుకుని నిలుచున్నాడు.

"అయ్యా, ఒక్క మాటండి. వచ్చే ఆదివారం చిల్లకల్లులో పందెముందిగదండి. నేను వచ్చేస్తానండి, వేరేవాణ్ణి చూడొద్దనండి. ఇంకోటండి. రెండో గేములో నేను రెండు సర్వీసులు నెట్టుకి కొట్టా. వీడికి ధ్యాస ఆట మీద లేదని జగన్నాథరావుగారు అనుకున్నారేమో. అదేదో ఎండవల్ల అయిందని, మీరు కాస్త నచ్చజెప్పాలండి."

దశరథరామయ్య ముఖం తుడుచుకుని లేచాడు. రావద్దు, ఇల్లు కనిపెట్టుకుని ఉండు అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. వద్దంటే ఆదివారం తరవాత వీడికి పనుంటుందా?

"చెబుతాలేరా," అన్నాడు.