బోడి కారుకు వేసిన కుట్టు

మా ఆయన సీటు కవర్లు కుడతారు. కార్లకు, ఆటోలకు, ఆసుపత్రి బల్లలకు, ఒకసారి సినిమా హాల్లో నాలుగు వందల కుర్చీలకు కుట్టారు. ఇంటి ముందు గదే దుకాణం. గుడ్డ కోయడం, పెద్ద మిషను మీద కుట్టడం ఆయన పని. చేతి కుట్టు నాది. ముప్ఫై ఏళ్లుగా ఇదే పద్ధతి.

మా దుకాణంలో ఒక నియమం ఉంది. గుడ్డ జరిగిపోకుండా ముందుగా వేసే కచ్చా కుట్లు ఎర్ర దారంతోనే వేయాలి. అసలు కుట్టు పడ్డాక వాటిని లాగేయాలి కదా, ఎర్రగా ఉంటే కంట్లో పడతాయి. కచ్చా కుట్టు ఉండిపోయిన సరుకు ఒక్కటి కూడా మా గుమ్మం దాటలేదని ఆయన చెప్పుకునేవారు. తన గురించి ఆయన గొప్పగా చెప్పుకునే మాట అదొక్కటే.

కిందటేడు చలికాలం చివర్లో ఆయన గుండెకు రెండు స్టెంట్లు వేశారు. ఇంటికి వచ్చాక మనిషి మారిపోయాడు. పొద్దున్నే కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చునేవారు. గోడ మీద ఏముందని అడిగితే సున్నం ఉందనేవారు. తింటే తిన్నారు, లేకపోతే లేదు. నేను రాత్రుళ్లు లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేదాన్ని.

మా అమ్మాయి డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతుంది. చిన్నప్పటినుంచీ నోరు మూయదని వాళ్ల నాన్న దాన్ని గోరింక అంటారు. ఎండలు మొదలయ్యే రోజుల్లో అది ఎక్కణ్నుంచో ఒక పాత కారు తోలుకొచ్చింది. పైన టాపు లేదు. వెనక తుప్పు పట్టిన ఇనుప కమ్మీలు మాత్రం రొయ్య మీసాల్లా లేచి ఉన్నాయి. వాళ్ల స్కూలు యజమాని షెడ్డులో పన్నెండేళ్లుగా పడి ఉందట.

ఎదురింటి మందుల షాపాయన బయటికొచ్చి, చుట్టూ ఒకసారి తిరిగి, "బోడి కారు బాగుందమ్మా" అన్నాడు. ఆ పేరు అలాగే నిలిచిపోయింది. ఇంట్లో గుండె జబ్బు మనిషిని పెట్టుకుని ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది.

అమ్మాయి మాత్రం వాళ్ల నాన్న కుర్చీ దగ్గరికెళ్లి, దీనికి టాపు కుట్టగలవా, లేకపోతే వేరే వాళ్లకిచ్చుకోనా అని అడిగింది. ఆయన గోడవైపు నుంచి తల తిప్పారు. వేరే వాళ్లెవరని అడిగారు. ఇద్దరు ముగ్గురి పేర్లు చెప్పింది. వాళ్లా అని ఆయన లేచి, టేపు తీసుకుని వీధిలోకి వెళ్లారు. నెల రోజుల తర్వాత మొదటిసారి ఆయన చెప్పులు వేసుకోవడం చూశాను.

టాపుకు పదిహేను రోజులు పట్టింది. నల్లటి మందపు గుడ్డ, లోపల అస్తరు, కమ్మీల మీద మడత పడేచోట రెండు పొరలు. చేతి కుట్టంతా నేనే వేశాను. వెనక్కి మడిస్తే సీటు వెనక గుట్టలా కూర్చుంటుంది, ముందుకు లాగితే అద్దం అంచు దాకా వచ్చి కొక్కేల్లో పడుతుంది. ఆయన దాన్ని ఎత్తి దించి, దించి ఎత్తి, ఒక పూటంతా అదే పని చేశారు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం తండ్రీ కూతుళ్లు టాపు మడిచేసి ఊరు దాటి వెళ్లేవారు. ఎండాకాలం కాబట్టి తెల్లారకముందే బయల్దేరి తొమ్మిదింటికల్లా వచ్చేసేవారు. కాలవ గట్టు వెంట, పొద్దుతిరుగుడు చేల మధ్య, ఎక్కడికీ పోని దారుల్లో తిరిగేవారు. స్పీడు నలభై దాటదట. ట్రాక్టరు వాడు హారన్ కొట్టి దాటుకుని పోయాడని ఆయన నవ్వుతూ చెప్పారు. ఆయన నవ్వడం బాగానే ఉంది. కానీ నాకు ఒక్క ఆదివారమైనా కాలు నిలిచేది కాదు. లారీ చక్రం కింద రాయి ఎగిరొస్తే? తేనెటీగ నోట్లోకి పోతే? చేల మధ్య గుండె పట్టేస్తే ఆసుపత్రికి ఎంత దూరం? అమ్మాయి నా బాధ పడలేక ఒక ఏర్పాటు చేసింది. ఎక్కడ ఆగినా ఒక మిస్డ్ కాల్, తిరిగి బయల్దేరితే రెండు. ఆ ఫోను నడుముకు కట్టుకుని తిరిగేదాన్ని.

వానాకాలం వచ్చింది. ఇక మానుకోమన్నాను. టాపు ఉన్నదెందుకని ఆయన అన్నారు. చినుకు పడితే ఎత్తుకుంటారట. చినుకు పడ్డాక ఎత్తేలోపు తడవరా? తడిస్తే జలుబు, జలుబు దిగితే నెమ్ము, నెమ్ము చేస్తే ఆ గుండె తట్టుకుంటుందా? ఆసుపత్రిలో పక్క మంచం ఆయన అలాగే పోయాడు. ఇదంతా ఎన్నిసార్లు చెప్పినా తండ్రీ కూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని తలలు ఊపేవారు.

ఒక శనివారం సాయంత్రం మబ్బు బాగా పట్టింది. ఆ మధ్యాహ్నమే టాపు మడతలో ఊడినచోట ఆయన తానే మళ్లీ కుట్టి మడిచి పెట్టారు. ఆయన స్నానానికి వెళ్లారు. నేను సూదిలో నల్ల దారం ఎక్కించి, మైనం పట్టించి, కారు దగ్గరికి వెళ్లాను. మడిచి ఉన్న టాపులో రెండు మడతలను కమ్మీతో కలిపి ఆరు కుట్లు వేసి, ముడిని లోపలికి తోసేశాను. బయల్దేరేముందు అమ్మాయి టాపును ఒకసారి ఎత్తి దించి చూసుకుంటుంది, అది దాని అలవాటు. టాపు పట్టేస్తుంది, పైన మబ్బు ఉంటుంది, ఈ వారానికి వద్దులే అనుకుంటారు. నా లెక్క అది. ఎర్ర దారం వేస్తే కనిపిస్తుందని నల్లది వేశాను.

తెల్లారి చూస్తే మబ్బు లేదు. ఎండ ఫెళ్లున కాస్తోంది. అమ్మాయి ఆలస్యంగా లేచింది. నేను పొయ్యి దగ్గర ఉండగానే వీధిలో హారన్ వినిపించింది. పరిగెత్తి వచ్చేసరికి కారు మలుపు తిరిగిపోయింది. టాపు ఎత్తి చూడనే లేదు.

అప్పుడైనా ఫోన్ చేయొచ్చు. చేస్తే ఏమని చెప్పాలి? ఎండ బాగానే ఉందిలే అనుకున్నాను. ఆ అనుకోవడమే నేను చేసిన అసలు తప్పు.

పదకొండింటికి ఒక మిస్డ్ కాల్ వచ్చింది. పన్నెండింటికి గాలి లేచింది. తర్వాత పడ్డ వానకు ఎదురింటి బోర్డు కూడా కనపడలేదు. ఫోన్ చేశాను, ఎత్తలేదు. పదిహేనుసార్లు చేశాను. చూరు కింద నిలబడి ఒక్కో కుట్టూ లెక్కపెట్టుకున్నాను. ఆరు. మైనం పట్టించిన దారం చేత్తో లాగితే తెగదు. నా చేతులతో నేనే.

మూడింటికి వచ్చారు. టాపు ఎత్తే ఉంది, కానీ లోపల సీట్లలో నీళ్లు నిలిచాయి. ఆయన చొక్కా ఒంటికి అతుక్కుపోయి, పెదాలు నల్లబడ్డాయి. అరగంట సేపు వానలో నిలబడి, కారు సామాన్ల పెట్టెలో వెతికితే దొరికిన బ్లేడుతో కోసి టాపు ఎత్తారట. అమ్మాయి తల తుడుచుకుంటూనే నాన్న మీద విరుచుకుపడింది. నిన్న బాగుచేసినప్పటి కచ్చా కుట్టు మడతలో ఎలా ఉండిపోయిందని అడిగింది. ఎర్ర దారం కాకుండా నల్లదెందుకు వేశావని అడిగింది.

ఆయన నావైపు చూడలేదు. "ఎర్ర దారం అయిపోయినట్టుంది. తీయడం మర్చిపోయాను" అన్నారు.

మిషను పక్కన ఎర్ర దారం కండె నిండుగా ఉంది. అమ్మాయి దాన్ని చూసింది. తర్వాత వాళ్ల నాన్నను చూసింది. దానికి మాట ఆగిపోవడం నేనప్పుడే చూశాను.

మర్నాడు ఆ చొక్కా ఉతకబోతే జేబులో తెగిన నల్ల దారం ముక్కలు దొరికాయి. ఒకదానికి ముడి అలాగే ఉంది. అందరూ ముడికి రెండు చుట్లు వేస్తారు. నేను మూడు వేస్తాను. ఊడిపోతుందేమోనని పెళ్లికి ముందునుంచీ నాకు భయం.

ఆయనకు తొమ్మిది రోజులు జ్వరం. నెమ్ము చేసింది గానీ గట్టెక్కారు. మూసిన గదిలో ఆయన దగ్గుతుంటే ప్రతి దగ్గూ నాకే తగిలేది. కానీ అంతకంటే పెద్ద ఆపద వేరే దారిలో వచ్చింది. మా అమ్మాయికి అనుమానం పట్టుకుంది. ఆపరేషన్ తర్వాత కొందరికి మతిమరుపు వస్తుందని ఎక్కడో చదివిందట. అప్పటినుంచి నాన్నను కనిపెట్టి చూడటం మొదలుపెట్టింది. తాళాలు ఎక్కడో పెడితే ఒక గీత, బుధవారాన్ని గురువారం అంటే ఇంకో గీత. ఎవరైనా వారంలో రెండుసార్లు అలా అనరా? కానీ అది చీటీ మీద రాసుకుంటోంది. వానలు తగ్గేనాటికి పెద్ద కత్తెర తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. వేలు కోసుకుంటాడేమోనని దాని భయం. అది ఎవరి పోలికో నాకు తెలుసు. వచ్చిన వాళ్లకు ఇప్పుడు పని తీసుకోవడం లేదని చెప్పి పంపింది. దుకాణం మూసేద్దాం, ముందు డాక్టరుకు చూపిద్దాం అంది.

ఆదివారాలు మాత్రం కారులో తీసుకెళ్తూనే ఉంది. ఆయన వెళ్లేవారు, వచ్చేవారు. ట్రాక్టరు సంగతులు లేవు. మిగతా ఆరు రోజులూ కుర్చీ మళ్లీ గోడవైపు తిరిగింది.

ఒకరోజు వంటింట్లోకి మంచినీళ్లకు వస్తే పట్టుకుని అడిగాను. అది నా కుట్టని మీకు తెలుసు, ఆ మాట మీరే దానికి చెప్పేయకూడదా అన్నాను.

ఆయన నీళ్లు పూర్తిగా తాగి గ్లాసు బోర్లించారు. "నా కుట్టయితే నేనే విప్పేవాణ్ణి" అన్నారు.

చలికాలంలో ఒక సోమవారానికి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ దొరికింది. దానికి ముందు ఆదివారం, వాళ్లు బయల్దేరుతుంటే నేను కూడా వస్తానన్నాను. అమ్మాయి తాళం చెవి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎండాకాలం నుంచి ఎన్నిసార్లు పిలిచినా ఆ కారులో కాలు పెట్టలేదు నేను. శాలువా తల చుట్టూ బిగించుకుని, మందుల సంచీ ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాను. మడిచిన టాపు నా వీపు వెనకే ఉంది.

చలిగాలి చెవుల్లో హోరుమంటోంది. కోతలైన చేలు, వాటి మీద పల్చటి మంచు. ఏ లారీ రాలేదు, ఏ రాయీ ఎగరలేదు. కాలవ దాటాక ఇక ఆగలేక చెప్పేశాను.

"ఆ కుట్టు నాది" అన్నాను.

గాలికి దానికి వినపడలేదు. ఏంటమ్మా అని అరిచింది. నేను మళ్లీ చెప్పాను. "కట్టు ఊడిందా?" అంది. ముందు సీట్లో ఆయన భుజాలు కదిలాయి. దగ్గో నవ్వో వెనకనుంచి తెలియలేదు. ఇన్నాళ్లూ గొంతులో దాచుకున్న మాటను పొలాల మధ్య గొంతు చించుకుని అరవాల్సి వచ్చింది.

"టాపుకు నల్ల దారంతో కుట్టింది నేనే!"

కారు పక్కకు తీసి ఆపింది. ఇంజను ఆగాక ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమంటే, చేలో పిట్ట నడిచినా వినపడేలా ఉంది. మొదటినుంచీ చెప్పాను. మబ్బు సంగతి, ఆరు కుట్లు, ఎండ చూసి ఊరుకోవడం, ఫోన్ చేయకపోవడం. ఏదీ దాచలేదు.

అమ్మాయి దిగి చేను గట్టు దాకా నడిచి వెళ్లింది. నేను దిగబోతే ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపారు. తిరిగి వచ్చాక దాని కళ్లు ఎర్రగా ఉన్నాయి. నాతో కాకుండా ముందు వాళ్ల నాన్నతో మాట్లాడింది.

"నీకు తెలుసా?"

"మూడు చుట్ల ముడి. ఈ ప్రపంచంలో ఇంకెవరు వేస్తారు?"

"మరి నీ కత్తెర లాక్కుంటే ఎందుకు ఊరుకున్నావు నాన్నా? నీకు మతి పోతోందని నేను ఏడ్చిన రాత్రుళ్లు ఎన్నో తెలుసా?"

ఆయన తల దించుకున్నారు. దీన్ని ఇన్నాళ్లు లాగుతావనుకోలేదు, మీ అమ్మ రెండో రోజే చెప్పేస్తుందనుకున్నాను, తర్వాత చెబితే నువ్వు తనను క్షమించవేమోనని భయమేసింది అన్నారు. ఆయన నోట భయం అనే మాట రావడం ఆ రోజే విన్నాను. ఇంట్లో ఆ శాఖ అంతా నాదే అనుకునేదాన్ని.

అమ్మాయి నావైపు తిరిగింది. తిడుతుందని సిద్ధంగా కూర్చున్నాను.

"నాన్న పోయుండేవాడమ్మా" అంది, మెల్లగా. అరిచి ఉంటే బాగుండేది.

అవునన్నాను. అంత దూరం ఆలోచించే నేను, నా సూది దగ్గర మాత్రం ఆలోచించలేదు.

అది మళ్లీ స్టీరింగు ముందు కూర్చుంది. తర్వాత రేపటి అపాయింట్‌మెంట్ రద్దు చేయనంది. "పేరు మారుస్తాను. నిన్ను చూపిస్తాను" అంది. ఆయన ఈసారి దాచుకోకుండా నవ్వారు. నాకు నవ్వు రాలేదు గానీ, వెళ్లడానికి ఒప్పుకున్నాను. వెళ్లాను కూడా. ఆ డాక్టరు నన్ను గంటసేపు మాట్లాడించి, రోజూ కాసేపు బయటి గాలికి తిరగమని రాసిచ్చాడు.

అమ్మాయి నాతో మామూలుగా మాట్లాడటానికి నెల పట్టింది. కత్తెర మాత్రం ఆ ఆదివారం సాయంత్రమే మళ్లీ మేకుకు వేలాడింది. మర్నాడు ఆయన పొద్దున్నే దుకాణం తలుపు తీశారు, కుర్చీ మిషను వైపు తిప్పుకున్నారు. మందుల షాపాయన స్టూలు గుడ్డ చిరిగిందని తెచ్చాడు. నేను కచ్చా కుట్లు వేయడానికి కూర్చుంటే, ఆయన ఎర్ర దారం కండె నా ముందుకు జరిపారు.

ఇప్పుడు మళ్లీ ఎండలు వస్తున్నాయి. ఆదివారాలు ముగ్గురం వెళ్తున్నాం. వెనక సీటు నాది. భయం తగ్గిందని అబద్ధం చెప్పను. లారీ కనిపిస్తే ఇప్పటికీ కళ్లు మూసుకుంటాను. బయల్దేరేముందు టాపు ఎత్తి దించి చూసే పని కూడా నాదే. ఒకసారి చూస్తే చాలమ్మా అంటుంది అమ్మాయి. నేను రెండుసార్లు చూస్తాను, మడతల్లో చెయ్యి పెట్టి తడుముతాను, అప్పుడు ఎక్కుతాను.