ప్యో గ్వన్‌సు మోకాళ్ళ మీద కూర్చున్నాడు

ప్యో గ్వన్‌సు పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎన్నికలొచ్చాయంటే మా సాసు కొట్టుకొచ్చి, నేలకు నుదురానించి మా అత్తకు దండం పెట్టేవాడు. ‘అమ్మా’ అంటూ మా సోయా సాసు వేలితో నాకి, ఊరి రుచంటే ఇదేనని ఫొటో దిగేవాడు. గెలిచి నగర మండలి సభ్యుడయ్యాక మా వీధి మొహం చూసేవాడు కాదు. ఏరు దాటాక బోడి మల్లయ్య అన్నట్టే.

మా బతుకంతా డాబా మీది జాడీల్లోనే ఉంది. అత్తకు వాళ్ళత్త ఇచ్చిన పాత సాసు ఇంకా వాటిలో ఉంది. ఏటా కొత్తది దాంట్లోనే కలుపుతాం. పొద్దున మూతలు తీసి ఎండ చూపిస్తాం, సాయంత్రం మూసేస్తాం. ఎండ తగలకపోతే బూజు పడుతుంది, అంతా పారబోసుకోవడమే. ఊరి నడిబొడ్డున ఐదంతస్తులు మించి కట్టకూడదన్న పాత నిబంధనే ఇన్నాళ్ళూ మా ఎండను కాపాడింది. సియోల్ కంపెనీ ఒకటి సరిగ్గా మాకు ఎండొచ్చే దక్షిణం వైపే స్థలం కొనగానే, నగర మండలికి ఆ నిబంధన కంటగింపయింది. ముప్పై అంతస్తుల దాకా కట్టుకోనిద్దామని తీర్మానం వచ్చింది. తెచ్చినవాడు ప్యో గ్వన్‌సే.

ఓటింగ్ రోజు పొద్దున మండలి హాల్లో ఊరివాళ్ళను మాట్లాడనిచ్చారు. ఫొటో స్టూడియో ఆయన లేచి, ఊరు చచ్చిపోతోంది, కుర్రాళ్ళు నిలవడం లేదు, కట్టనివ్వండి అన్నాడు. అబద్ధం కాదు. మా వీధిలో సగం షట్టర్లు దించే ఉన్నాయి. అయితే అవి లేవడానికి మా ఎండే ఎందుకు పోవాలో ఆయనా చెప్పలేదు, ఇంకెవరూ చెప్పలేదు. నేను అదే అడిగాను. వ్యాపార ప్రాంతంలో ఎండకు చట్టం లేదని అధికారి కాగితం చూసి చదివాడు. ఎండకు చట్టం లేదట! సూర్యుడు వీళ్ళ దగ్గర అనుమతి తీసుకోలేదు కాబోలు.

అప్పుడు ప్యో నవ్వుతూ మైకు అందుకున్నాడు.

“అక్కా, జాడీల గురించి బెంగెందుకు? ముప్పయ్యో అంతస్తు మీద పెట్టిస్తా. లిఫ్టుంటుంది. అమ్మకి అక్కడ ఎండే ఎండ.”

సభంతా నవ్వింది. సాసు వాసనకి పై అంతస్తు దొరలు ముక్కు మూసుకోరని కంపెనీ చేత రాయించి ఇవ్వమన్నాను. భోజనాల వేళయిందని అందరూ లేచిపోయారు.

హాలు ఖాళీ అయ్యాక అత్త తన సంచిలోంచి గడ్డితాడు తీసింది. ఎడమ పేట వేసి పేనిన తాడు, మధ్యమధ్య ఎండుమిరపకాయలూ బొగ్గుముక్కలూ గుచ్చి ఉన్నాయి. కొత్త జాడీలకూ, బిడ్డ పుట్టిన ఇంటి గుమ్మానికీ కట్టే తాడది. దాన్ని దాటినవాడికి కీడు. ఎప్పుడు పేనిందో నాకు కూడా తెలియదు. నేనో కొస పట్టుకున్నాను, ఆమె రెండో కొస పట్టుకుంది, సభ తలుపుకు అడ్డంగా కట్టేశాం.

నూడుల్స్ తినొచ్చిన సభ్యులు తాడు చూసి వరండాలోనే ఆగిపోయారు. ఆదివారం చర్చి తప్పని ఇద్దరు కూడా ఆగిపోయారు. కత్తిరించమంటే కాపలా మనిషి వెనక్కి తగ్గాడు. వాళ్ళావిడకు తొమ్మిదో నెలట, ముట్టుకోనన్నాడు. సగం మందైనా లోపల లేకపోతే ఓటింగ్ లేదు. నాకు కడుపు నిండిపోయింది.

అప్పుడొచ్చాడు ప్యో. తలుపు పక్క బెంచీ మీదున్న అత్త ముందు, అందరూ చూస్తుండగా, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మా వైపు మగాడు పదిమందిలో అలా కూర్చున్నాడంటే తప్పు ఒప్పుకున్నట్టే, దారికొచ్చినట్టే.

“అమ్మా, మీ మనసు కష్టపెట్టాను. కట్టిన చెయ్యే తియ్యాలి కదా. తీసెయ్యండి.”

“అన్నం తిన్నావా?” అంది అత్త. ఆమె కళ్ళు చెమర్చాయి.

తియ్యొద్దు, తీర్మానం వెనక్కి తీసుకుంటానని ముందు నోటితో చెప్పించు అని ఆమె చెవిలో అన్నాను. అంతమందిలో కూర్చున్నాడు, ఇంకేం చెప్పించాలి, నీకు మరీ చాదస్తం అని నన్నే కసిరింది. తన చేతులతోనే ముడి విప్పి, తాడు చుట్టి సంచిలో పెట్టుకుంది.

వాళ్ళు లోపలికి వెళ్ళారు. టీ చల్లారే లోపు తీర్మానం నెగ్గింది. ప్యో మొదటి చెయ్యెత్తాడు.

బయటికొచ్చాక మా ముందు ఆగి నడుం వంచాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చెప్పు తీసేదాన్నే, అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“మరి ఇందాక ఎందుకు కూర్చున్నావు?” అని అడిగింది. నిజంగానే అర్థం కాక అడిగింది.

“పెద్దవారు కదమ్మా. మీరు బెంచీ మీదుంటే నేను నిలబడి పైనుంచి మాట్లాడితే మర్యాదగా ఉంటుందా?”

అత్త తాడున్న సంచి చంకన పెట్టుకుంది.

“ఇకమీదట నాతో నిలబడే మాట్లాడు.”

గడప తొక్కిన ఏ మనిషినీ ఆవిడ ఏనాడూ నిలబెట్టి మాట్లాడలేదు.