అక్షరాలమ్మ లేజర్ మిషన్

ఆ వీధిలో సాయంత్రం అయిదు దాటితే ఇల్లాళ్ళు గడియారం చూసేవాళ్ళు కాదు. వాకిట్లోకొచ్చి పేరుపలక మీద చెయ్యి పెట్టేవాళ్ళు. పలక వెచ్చగా తగిలిందంటే ఆ పేరుగల మనిషి ఇంటిదారి పట్టినట్టే. వెంటనే లోపలికెళ్ళి టీకి నీళ్ళు పెట్టేవాళ్ళు. పిల్లలైతే తండ్రి పలక తాకి చూసి, టీవీ కట్టేసి, పుస్తకాలు ముందేసుకుని బుద్ధిమంతుల్లా కూర్చునేవాళ్ళు. పోస్టుమాన్ ఇంటి పలక మాత్రం దేనికీ కొరగాకుండా పోయింది. ఆయన ఉత్తరాలు పంచే వీధులన్నీ ఇంటి చుట్టూరానే ఉండడంతో అది రోజంతా కాగుతూ చల్లారుతూ ఉండేది. ఒకసారి మెకానిక్కు పలక సగం వెచ్చబడి ఠక్కున చల్లారిపోయింది. "పేకాట దగ్గర ఆగాడు," అని వాళ్ళావిడ పొయ్యి ఆపేసి పక్కింటికి కబుర్లకి వెళ్ళిపోయింది.

ఆ పలకలన్నీ అక్షరాలమ్మ ఉలితో చెక్కినవే. బళ్ళో డ్రాయింగు టీచరుగా చేసినన్నాళ్ళూ సెలవురోజుల్లో సరదాకి మొదలుపెట్టింది, మానేశాక అదే పని అయింది. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముణ్ణి పెంచి పెద్దచేసి, చిన్నినిచ్చి పెళ్ళి చేసింది.

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. కాపురానికొచ్చిన కొత్తలో చిన్ని ఈ అర్ధమొగుడికే ఎక్కువ భయపడేది. అసలు మొగుడు మెతక మనిషి, గట్టిగా తుమ్మను కూడా తుమ్మడు. ఆ మెతక మనిషి మూడేళ్ళ కిందట జ్వరమొచ్చి వారం తిరక్కుండానే పోయాడు. ఇంట్లో వదినా చిన్నీ మిగిలారు. ఇద్దరూ ఒకే కూర వండుకునేవారు, ఒకే పేపరు చెరిసగం చదివేవారు. ఒకరి దుఃఖం గురించి మాత్రం ఇంకొకరు మాట్లాడేవారు కాదు.

ఆ గుమ్మానికి రెండే పలకలు, అక్కదొకటి, తమ్ముడిదొకటి. "అక్కా, దీనిక్కూడా ఒకటి చెక్కవే," అని అతను చిన్నిని చూపించి అడిగినప్పుడల్లా, "చెక్కుతాలే, తొందరేముంది?" అనేది అక్షరాలమ్మ. అలా పన్నెండేళ్ళు గడిచాయి. చిన్ని ఎన్నడూ నోరు తెరిచి అడగలేదు.

ఆ ఏడు రెండు కష్టాలు ఒకదాని వెనకే ఒకటి వచ్చాయి. చిన్ని పనిచేసే కళ్ళద్దాల దుకాణం మూసేశారు. అక్షరాలమ్మ కుడిచేతి మణికట్టు బిగుసుకుపోయింది, ఇక ఉలి పట్టొద్దని డాక్టరు ఖండితంగా చెప్పేశాడు. ఆవిడ ఉలులన్నీ గుడ్డలో చుట్టి అటకెక్కించి, కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు చూడడం మొదలుపెట్టింది.

పొరుగూళ్ళో బట్టలు కుట్టే దుకాణం నడుపుతున్న చిన్ని వాళ్ళక్క ఫోను చేసింది. "మనిషే పోయాక ఆ ఇంట్లో నీకేం పని చెల్లీ? నా దగ్గరకొచ్చెయ్. గుండీలు కుట్టినా నీ రోజు గడిచిపోతుంది."

చిన్నికి కాదనడానికి కారణం దొరకలేదు. అయితే వదిననలా కిటికీ దగ్గర కూర్చోబెట్టి వెళ్ళడానికి మనసొప్పలేదు. చేతికి శ్రమ లేకుండా చెక్క మీద గీసే లేజర్ మిషన్లు వచ్చాయని విని, తను దాచుకున్నదాంట్లో వచ్చేది ఒకటి కొనిద్దామనుకుంది. వెళ్ళిపోయే సంగతి తర్వాత చెప్పొచ్చులే అని ఊరుకుంది.

"వెలుతురుతో చెక్కడమా?" అంది అక్షరాలమ్మ. "చిన్నప్పుడు మా తమ్ముడూ నేనూ భూతద్దం పెట్టి ఎండలో కాగితాలు కాల్చేవాళ్ళం. ఓసారి వాడి చొక్కా చేతికి చిల్లి పడితే దెబ్బలు మాత్రం నాకు పడ్డాయి. అదేగా ఇది?"

"అదే అనుకోండి వదినా. ఈసారి దెబ్బలుండవు."

ఆదివారం ఇద్దరూ దుకాణానికెళ్ళారు. అమ్మే అమ్మాయి జేబునిండా స్క్రూడ్రైవర్లతో తిరుగుతోంది. మూడు మిషన్లు చూపించింది. మొదటిది అన్నిటికంటే చవక. నాలుగు కమ్ముల చట్రం, నడుమ వెలుతురు చిమ్ముతూ అటూ ఇటూ తిరిగే చిన్న బుడ్డి, అంతే. అయిదు వాట్లది. అట్టముక్కలు కోస్తుంది కానీ చెక్క కోయాలంటే గీసిన గీతమీదే అయిదారుసార్లు తిరగాలి. మూత లేదు, పొగంతా మొహానికే. రెండోది గాజు గొట్టంతో, దాన్ని చల్లార్చే నీళ్ళతో బీరువాని పడుకోబెట్టినంత ఉంది. ప్లాస్టిక్కు పలకల్ని కూడా వెన్నలా కోస్తుంది. దాన్ని ఇంట్లో పెడితే మనుషులు బయట పడుకోవాలి.

మూడోది పది వాట్లది. తెరిచిన పుస్తకాలు రెండు పక్కపక్కన పెట్టినంత జాగా. పైన నారింజరంగు అద్దం మూత, వెనక పొగని కిటికీలోంచి బయటికి తోసే ఫ్యానూ గొట్టమూ. పల్చటి చెక్కని రెండుసార్లు తిరిగి కోసేస్తుంది.

"మొదటిదే చాల్లేవే, చవగ్గా ఉంది," అని అక్షరాలమ్మ గొణిగింది.

"తొమ్మిదేళ్ళు కళ్ళద్దాలమ్మాను వదినా. మూత లేనిది నేను కొననివ్వను."

"దీనికీ అన్నీ రావండీ," అని ఆ అమ్మాయే చెప్పింది. "అద్దంలాంటి ప్లాస్టిక్కు కొయ్యదు, అందులోంచి వెలుతురు దూసుకుపోతుంది. ఇనుము జోలికి అసలు వెళ్ళకండి." అంటూ చూపించడానికని కంప్యూటర్లో 'అమ్మ' అని కొట్టింది. చెక్క మీద 'అమ్ మ' అని విడివిడిగా పడింది.

"దీనికి అమ్మా అని పిలవడం కూడా రాదే!" అంది అక్షరాలమ్మ. తర్వాత గొంతు తగ్గించి అసలు ప్రశ్న అడిగింది. "దీని అక్షరాలు వెచ్చబడతాయా?"

"కంప్యూటరు అక్షరాలు వెచ్చబడవండీ. చేత్తో రాసి, ఫోటో తీసి ఎక్కిస్తే వెచ్చబడుతున్నాయని ఒకరిద్దరు చెప్పారు. బొమ్మని ఉన్నదున్నట్టు తీసుకోవడంలో మూడిట్లోకీ ఇదే మెరుగు."

బేరం అక్కడికి తెగింది.

మిషన్ని కిటికీ దగ్గర బల్లమీద పెట్టారు. మొదటి రెండ్రోజులూ చెక్కలు మాడబెట్టారు. అద్దం తుడవడం, చెక్కకీ బుడ్డికీ మధ్య ఎడం సరిచూడడం చిన్ని నేర్చుకుని వదినకి నేర్పింది. మూడోరోజు అక్షరాలమ్మ చిన్నిని కూరగాయలకి పంపించి తలుపు వేసుకుంది. తిరిగొచ్చేసరికి ఇల్లంతా కాలిన చెక్క వాసన. బల్లమీద అరచేతి వెడల్పు పలక. దానిమీద 'చిన్ని' అని ఉంది. కాగితం మీద రాసేటప్పుడు వణికిన చెయ్యి ఎక్కడెక్కడ వణికిందో అక్కడల్లా ఆ వణుకు చెక్కలోకి దిగింది. న కింది వత్తు కాస్త పక్కకి ఒరిగింది.

"మీ అక్క గుమ్మానికి కొట్టించుకో," అంది అక్షరాలమ్మ, కళ్ళజోడు తుడుచుకుంటూ. "నువ్వెప్పుడొస్తున్నావో దానికి తెలుస్తుంది."

"మీకెవరు చెప్పారు వదినా?"

"నువ్వు ఫోన్లో మాట్లాడితే వీధి చివరికి వినబడుతుంది." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "నువ్వొచ్చాక వాడు ఇంటికి నీకోసం రావడం మొదలుపెట్టాడు. అది నేను తట్టుకోలేకపోయాను. అందుకే చెక్కలేదు. వాడు పోయాక, ఏ మొహం పెట్టుకుని చెక్కనూ అని ఊరుకున్నాను."

చిన్ని పలకని చీర మడతల్లో పెట్టి సర్దుకుంది. మర్నాడు పొద్దున బస్సెక్కింది.

అక్క తనే సుత్తి పట్టుకుని పలకని గుమ్మానికి కొట్టింది. పొద్దున్నే చిన్ని దుకాణానికెళ్ళి గుండీలూ అంచులూ కుట్టేది. సాయంత్రం అక్కకంటే ఓ గంట ఆలస్యంగా తాళం వేసి వచ్చేది. మొదటిరోజు అక్క పలక తాకి చూసింది, చల్లగా ఉంది. అంతలోనే చిన్ని వచ్చేసింది. రెండోరోజూ అంతే. పదిరోజులు పోయాక ఓ మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తూనే చిన్ని దాని ఎదుటే నిలబడి చెయ్యి ఆనించింది. బండరాయిలా ఉంది.

"ఎంతైనా మిషన్ అక్షరాలు కదా," అంది అక్క.

చిన్నికి దిగులు పట్టుకుంది. దిగులంతా వదిన గురించే. ఈ పాటికి ఎంతమందికి చెక్కి ఇచ్చి ఉంటుందో, అవన్నీ ఇలాగే ఉంటే నలభయ్యేళ్ళ పేరు ఏమైపోతుంది? ఆ మధ్యాహ్నమే ఫోను చేసింది.

"వదినా, మీరు చెక్కిన కొత్త పలకలు వెచ్చబడుతున్నాయా?"

"బ్రహ్మాండంగా! రొట్టెలబ్బాయికి చేసిచ్చానా, వాడు వస్తుంటే వాళ్ళమ్మ చెయ్యి చురుక్కుమందట. వీధిలో సగంమంది పాతవి తీసేసి కొత్తవి అడుగుతున్నారు. ఏం? నీది..."

అటునుంచి మిషన్ ఫ్యాను తిరుగుతున్న చప్పుడొక్కటే వినిపించింది. చివరికి, "వేళకి తింటున్నావా?" అని అడిగి, చిన్ని తింటున్నానంటే, "సరే అయితే," అని పెట్టేసింది.

ఆ తర్వాత చిన్ని గుండీలు వంకరగా కుట్టడం మొదలుపెట్టింది. నాలుగురోజులు చూసి అక్క ఓ ఉదయం గుమ్మానికున్న మేకులు పీకింది. పలకని పాత తువ్వాల్లో చుట్టి, చిన్ని సంచీలో పెట్టింది.

"పొమ్మంటున్నావా అక్కా?"

"పిచ్చిదానా, ఎన్నేళ్ళైనా ఉండు. ఎప్పుడొచ్చినా నీ మంచం నీదే. కానీ రోజూ సాయంత్రం అది తాకి, చల్లగా ఉంటే చెయ్యి వెనక్కి తీసుకోవడం నావల్ల కావట్లేదే."

చిన్ని అక్కని పట్టుకుని ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుంది. వెళ్ళి వదినని చూసి రెండ్రోజుల్లో వచ్చేస్తానంది. అక్క సరేనంది, సామానంతా సర్దింది.

బస్సు ఊరు దాటి వంతెన ఎక్కింది. చిన్ని ఒళ్ళో సంచీ మీద చేతులు ముడుచుకుని కూర్చుంది. కిటికీ పక్కనున్న ముసలాయన కాసేపు అటూ ఇటూ కదిలి, చివరికి ఉండబట్టలేక అడిగాడు.

"ఏమనుకోకమ్మా, నీ సంచీలో వేడివేడిగా ఏదో ఉన్నట్టుంది. నా మోకాలు కాలుతోంది. తినే వస్తువైతే మూత కాస్త తెరిచిపెట్టు, లేకపోతే పాడవుతుంది."

చిన్ని సంచీలోకి చెయ్యి పోనిచ్చింది. తువ్వాలు దాటి వచ్చిన వేడి వేళ్ళకి తగిలింది. చెయ్యి అక్కడే ఉంచేసింది.

"తినేది కాదండీ," అంది. "ఇంటికెళ్తున్నాను."

వీధిలోకి వచ్చేసరికి ఎండ ఇంకా చురుగ్గానే ఉంది. తలుపు దగ్గరకి వేసుంది. లోపల అక్షరాలమ్మ లేజర్ వెలుతురు కళ్ళకి తగలకుండా రంగుకళ్ళజోడు పెట్టుకుని మిషన్ మీదకి వంగి ఉంది. చప్పుడుకి తలెత్తి, ఉలిక్కిపడింది.

"చెప్పాపెట్టకుండా వచ్చావేమిటే? టీ కూడా పెట్టలేదు."

"ఎలా తెలుస్తుంది వదినా, పలక నా దగ్గరుంటే?"

చిన్ని తువ్వాలు విప్పి ఆవిడ చేతిలో పెట్టింది. అక్షరాలమ్మ చెయ్యి కాలి, పలకని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. అలా మార్చుకుంటూనే, రంగుకళ్ళజోడు తీయకుండానే, మేకుల డబ్బా వెతకడానికి లోపలికెళ్ళింది. చిన్ని టీకి నీళ్ళు పెట్టింది.