శాతం గుర్తు పెట్టిన వ్యాసం

"ఎవరి బుర్రకి తట్టిందమ్మా ఈ గుర్తుల గోల!" అని అరిచాను. వదిన మొహం పక్కకి తిప్పుకుని నవ్వింది. ఎవరికి తట్టిందో ఇద్దరికీ తెలుసు.

ఆ సాయంత్రం ఆఫీసు మూసేలోపు వదిన థీసిస్ ఇచ్చేయాలి. లేకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఇక గడువు పొడిగించేది లేదని గుమస్తా మొహం మీదే చెప్పేశాడట. థీసిస్ అంతా సిద్ధంగా ఉంది, ఒక్క రిఫరెన్సులు తప్ప. వాటి చోట వరసగా ప్రశ్నార్థకాలు వస్తున్నాయి. నాది ప్రెస్సులో పేజీలు కట్టే పని కాబట్టి పొద్దున్నే ఫోన్ చేసి, "నువ్వు రాకపోతే నా కొంప మునుగుతుంది అబ్బాయ్" అంది. ప్రెస్సులో చెప్పాపెట్టకుండా వచ్చేశాను.

నిజానికి మాకు చుట్టరికం లేదు. నేనూ రీసెర్చి చేసే రోజుల్లో, ల్యాబులో మా సీనియర్ని అందరం అన్నయ్య అనేవాళ్లం. నాతోపాటు చేరిన పిల్ల ఆయన్ని చేసుకుని నాకు వదినై కూర్చుంది. మా ల్యాబు మెట్ల కింద గది. పని తుప్పు మీద. ఎక్కడ చూసినా ఇనుప ముక్కలే. చొక్కాలకి అంటిన మరక ఎంత ఉతికినా పోయేది కాదు. ఉన్న ఒక్క కంప్యూటరు కోసం పోట్లాడుకునేవాళ్లం, కాసేపటికే ఒకే టీ పంచుకునేవాళ్లం. ఆ గది తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

చదివిన ప్రతి వ్యాసానికీ ఫైల్లో ఒక చిన్న పేరు పెట్టుకోవాలి. థీసిస్‌లో ఆ పేరు రాస్తే చాలు, కంప్యూటరే పూర్తి వివరాలు తెచ్చి పెడుతుంది. ఎవరు తెచ్చిన వ్యాసానికి వాళ్ల పేరు పెట్టడం మా పద్ధతి. ఆ పేరు చివర, పూర్తిగా చదివితే నక్షత్రం. పనికిమాలినదైతే హాష్. సగంలో ఆపేస్తే శాతం గుర్తు. శాతం ఉన్నదేదీ థీసిస్‌లోకి రాకూడదు. చదవనిది చదివినట్టు చెప్పుకోవడం దొంగతనమని అన్నయ్య రూలు. ఈ గుర్తుల్ని సర్దడానికి ఆయనే ఓ ప్రోగ్రాం రాసిపెట్టాడు. అది కాస్తా పాత కంప్యూటరుతో పాటు తుక్కులోకి పోయింది.

కొత్త సాఫ్ట్‌వేరు ఈ గుర్తుల్ని చూస్తే బెదిరిపోతోంది. శాతం కనబడితే చాలు, ఆ లైన్లో మిగతాదంతా వదిలేస్తోంది. ఫైలుకి కాపీ తీసి పక్కన పెట్టి, జాబితాలోనూ థీసిస్‌లోనూ గుర్తుల్ని మామూలు అక్షరాలుగా మార్చడం మొదలెట్టాను. ఒకటి సర్దితే ఇంకోటి లేచింది. తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి ఒక్క ప్రశ్నార్థకం మిగిలింది. 'అన్నయ్య%'.

"శాతం తీసేస్తున్నా వదినా."

"ఆగు. అది నేను సగమే చదివాను."

అది అన్నయ్య రాసిన ఆఖరి వ్యాసం. అచ్చై వచ్చేసరికి ఆయన లేడు. వదిన దానికి ఆయన పేరే పెట్టి, చదవబోయి, మధ్యలోనే మూసేసింది. మళ్లీ తెరవలేదు.

"నువ్వు వాడుకున్నది మొదటి సగంలోదే కదా! ఇప్పుడు రూళ్లేంటి? టైమెంతైందో చూశావా?" నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆయనుంటే ఒప్పుకునేవాడా?"

వదిన అల్మారాలోంచి వ్యాసం తీసి, పెన్సిలు పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. నేను గడియారాన్ని తిట్టుకుంటూ కూర్చున్నాను. మనిషి కదలదు, పేజీ తిరగదు. తిరిగినప్పుడల్లా కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. చివరికి లేచొచ్చి వ్యాసం నా ముందు పెట్టింది.

"చూడు."

ఆఖరి పేజీలో అన్నయ్య రిఫరెన్సులు. అన్నిటికంటే కింద వదిన పేరు, పక్కన ఇదే థీసిస్ పేరు. సంవత్సరం ఉండాల్సిన చోట 'త్వరలో' అని ఉంది. ఆయన అది రాసేనాటికి వదిన మొదటి అధ్యాయం కూడా పూర్తి చేయలేదు. ఉప్పుగాలికి ఇనుము మీద ఏ రంగు ఆగుతుందో ఆ థీసిస్ తేలుస్తుందని వ్యాసం చివర్లో రాశాడు మహానుభావుడు.

శాతం తీసేసి, నక్షత్రాలకి వాడిన అక్షరమే దీనికీ పెట్టి నడిపించాను. ఒక్క ప్రశ్నార్థకమూ రాలేదు. ప్రింటు తీయించి, ఇద్దరం ఆయాసపడుతూ ఆఫీసుకి చేరేసరికి గుమస్తా బీరువాకి తాళం వేస్తున్నాడు. గొణుక్కుంటూనే కాగితాలు తీసుకుని, తేదీ ముద్ర వేశాడు.

"అయిపోయిందమ్మా, ఇక వెళ్లండి."

వదిన వెళ్లలేదు. సంచిలోంచి అన్నయ్య వ్యాసం తీసి, ఆ కౌంటరు మీదే ఆఖరి పేజీ తెరిచింది. 'త్వరలో' అన్న మాట కొట్టేసి, పక్కన ఈ సంవత్సరం రాసింది.