ఇనుప అంగీ మీది చిరుగు

బర్రెకు కుడితి పెట్టాలి. కోళ్ళను గంప కింద కమ్మి, మీద రాయి పెట్టి, పక్కింటి ఉప్పలమ్మకు అప్పజెప్పాలి. తొవ్వలోకి జొన్నరొట్టెలు కట్టుకోవాలి. పీరుకు కట్టే ఆకుపచ్చ గుడ్డ, దట్టీని కొంగున ముడేసుకోవాలి. మొయినుద్దీన్ రాసిచ్చిన అట్టముక్క నలగకుండా సంచిలో నిలువుగా పెట్టుకోవాలి. అన్నిటికంటే ముఖ్యంగా, అక్కడ ఏడవకూడదని మనసుకు గట్టిగా చెప్పుకోవాలి.

చివరిది తప్ప అన్ని పనులూ శ్యామలమ్మ పొద్దెక్కకముందే ముగించుకుంది.

దేవరకొండలో కల్వకుర్తి బస్సెక్కాక, తోడు వచ్చిన ఇక్బాల్ బీ ఆమెను ఎగాదిగా చూసింది. "ఏంది వదినె, పెండ్లికి పోయినట్టు కొత్తచీర కట్టినవ్?"

"కొడుకును చూడబోతున్న గద. మాసిన చీరతోని పోతే మొకం తిప్పుకుంటడు వాడు. మస్తు షోకు గద వానికి."

ముందు సీట్లో ఇక్బాల్ బీ కొడుకు మొయినుద్దీన్ ముగ్గురికీ టికెట్లు తీసుకున్నాడు.

శ్యామలమ్మ కొడుకు భిక్షం చనిపోయి ఏడేళ్ళయింది. ఆమె చూడబోతున్నది ఒక ఇనుప అంగీని.

చిన్న చిన్న ఇనుప కడియాలను ఒకదాంట్లో ఒకటి గుచ్చి అల్లిన అంగీ అది. ఏ కాలపుదో ఎవరికీ తెలియదు. ఊళ్ళో పీర్ల కొట్టంలో ఉండేది. పీర్ల పండుగకు, పొడవాటి కర్రకు నిలిపిన పెద్ద పీరును ఎత్తుకునేవాడు దాన్ని తొడుక్కుని, నిప్పుల గుండం చుట్టూ ఆడేవాడు. ఎత్తుకునే వంతు తరతరాలుగా శ్యామలమ్మ అత్తగారింటిది. కొట్టం చూసుకునే ముజావర్ వంతు ఇక్బాల్ బీ ఇంటిది. అంగీ మెడవెనక కొక్కెం తల్లి చేత్తోనే పెట్టాలి. పీర్లు వాగులో స్నానం చేసేదాకా దాన్ని విప్పకూడదు. అది కట్టడి.

ఎనభై ఆరులో భిక్షానికి కొక్కెం పెట్టింది శ్యామలమ్మే. గుండం అంచున వాడి కాలు జారింది. చేతిలో పీరు ఒరిగింది. పీరు నేలకు తాకితే ఊరికి అరిష్టం. చుట్టూ ఉన్నవాళ్ళ చేతులన్నీ పీరు మీదికే పోయాయి. అది నిటారుగా నిలబడ్డాకే నిప్పుల్లో పడ్డ మనిషిని లాగారు. అప్పటికి ఇనుము కాగిపోయింది, కొక్కెం బిగుసుకుపోయింది. ముజావర్ అహ్మద్ అలీ, అంటే ఇక్బాల్ బీ పెనిమిటి, ఇనుమును కోసే శానం, సుత్తె తెప్పించి అంగీని వీపు మీద కోసి తీశాడు. దవాఖాన చేరకముందే, ఎడ్లబండిలోనే భిక్షం పోయాడు.

ఆ తర్వాత ఆ అంగీని ఎవరూ తొడుక్కోలేదు. అహ్మద్ అలీ కూడా ఆ దిగులుతోనే మంచం పట్టి పోయాడు. కల్వకుర్తి తొవ్వలో ఒక పాత దొరల గడీని బాగుచేసి ఆయుధాల మ్యూజియం పెడుతున్నామంటూ ఎవరో జీపులో వస్తే, ఊరి పటేలు రామచంద్రయ్య అంగీని తీసి ఇచ్చేశాడు. ఆ వాడలో మొదట బీయే పాసైన మొయినుద్దీన్ పోయి చూసివచ్చి, అక్కడ 'పేరు తెలియని వీరుడు' అని రాసి ఉందని చెప్పాడు. ఆ పూట శ్యామలమ్మ అన్నం ముట్టలేదు. "నా కొడుకు పేరు రాసియ్యి బిడ్డా. అండ్ల పెట్టిచ్చొస్త" అంది. అతను అట్టముక్క మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: 'ఈ అంగీతో నిప్పుల్లో పడి పోయినవాడు భిక్షం. తల్లి శ్యామలమ్మ.'

గడీ లోపల గోడల నిండా కత్తులు, డాళ్ళు, బల్లేలు ఉన్నాయి. నడుమ అద్దాల పెట్టెలో, కొయ్య బొమ్మకు తొడిగి, అంగీ వీపు కనపడేలా నిలబెట్టారు. మ్యూజియం అధికారి మంజులత పదిమందిని వెంటేసుకుని చెబుతోంది. "ఈ చిరుగు చూడండి. శత్రువు బల్లెం వెనకనుంచి దిగిన గుర్తు. పేరు తెలియని ఆ వీరుడు చివరిదాకా పోరాడి ఉంటాడు. దీన్ని మనకు బహూకరించినవారు శ్రీ రామచంద్రయ్యగారు."

"బల్లెం కాదమ్మా" అంది శ్యామలమ్మ. "శానం. పేరు గూడ తెలుసు."

అందరూ తిరిగి చూశారు. మొయినుద్దీన్ ముందుకొచ్చి జరిగిందంతా చెప్పాడు. "కోసింది మా నాయినే మేడం" అన్నాడు చివరికి. మంజులత అట్టముక్క తీసుకుని రెండుసార్లు చదివింది. చెడ్డమనిషేం కాదు. వచ్చినవాళ్ళను పక్క గదిలోకి పంపి, శ్యామలమ్మకు కుర్చీ వేయించింది.

"అమ్మా, నాకు చాలా బాధగా ఉంది. కానీ ఇది యుద్ధాల గది. పండుగలో వేసుకునే అంగీ అనీ, చిరుగు మొన్నమొన్నటిదనీ నేను రాస్తే, పైవాళ్ళు దీన్ని ఇక్కడ ఉంచనివ్వరు. సామాన్ల గదిలో పడేస్తారు."

"సామాన్ల గదిల ఎవరన్న చూస్తరా?"

"తాళం వేసి ఉంటుందమ్మా."

"ఈడుంటే?"

"ఇక్కడుంటే రోజూ ఎవరో ఒకరు చూస్తారు. పేరు మాత్రం ఉండదు."

"ఇదేం ఇన్సాఫ్, ఇదేం న్యాయం మేడం?" అని మొయినుద్దీన్ గొంతు పెంచాడు. "అబద్ధమైతే అద్దాల పెట్టె, నిజమైతే తాళమా? ఇచ్చినోని పేరుకు జాగా దొరికింది, సచ్చినోని పేరుకు దొరకలేదా?"

"ఊకో బిడ్డా" అంది శ్యామలమ్మ. అద్దం దగ్గరికి పోయి, చిరుగుకు ఎదురుగా అరచెయ్యి ఆనించింది. అద్దం చల్లగా ఉంది. చాలాసేపటికి చెయ్యి తీసి, "ఈడనే ఉండనియ్యుండ్రి. చీకట్ల వానికి భయం, చిన్నప్పటి సంది" అంది.

కొంగుముడి విప్పి ఆకుపచ్చ దట్టీని పెట్టె కాలికి కట్టబోయింది. కట్టకూడదమ్మా అంటూ మంజులత దాన్ని మెల్లగా తీసి, మడతపెట్టి, అట్టముక్కతో కలిపి ఆమె చేతిలోనే పెట్టింది.

తిరుగు బస్సులో ఇక్బాల్ బీ ఆమె దగ్గరికి జరిగి కూర్చుంది. "వదినె" అంది. "మా ఆయిన ముందుగాల పీరునే పట్టుకున్నడు. ఇన్నేండ్లల్ల నువ్వొక్క మాట అనకపోతివి. తిట్టన్న తిట్టరాదు?"

"ఏమని తిడుదునే? నేను వానికి బారెడు దూరంల ఉంటి." శ్యామలమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటికేసి చూసింది. "ఇవి గూడ ముందుగాల పీరు దిక్కే పోయినయి."

శ్యామలమ్మ ఇంటికి చేరి, గంప మీది రాయి తీసి కోళ్ళను చూసుకుంది. అప్పుడుగానీ ఆమెకు ఏడుపు రాలేదు.

ఆ అంగీ ఇంకా అక్కడే ఉంది. కింద పేరు తెలియని వీరుడనే రాసి ఉంది. ఎప్పుడైనా ఆ తొవ్వన పోతే జర ఆగి లోపలికి పొండి. వీపు మీది చిరుగు చూసి, యుద్ధాన్ని తలచుకోకండి. కాలు జారిన ఒక పడుచుపిల్లగాణ్ణి తలచుకోండి. పైకి అననక్కర్లేదు, మనసులో అనుకున్నా చాలు: భిక్షం.