వాన లేని నిఘంటువు

“ఫోల్డర్లు సర్దడమేగా, అదీ ఒక పనేనా?” అన్నాడు మా ఆయన గెడిసా. నేనప్పుడు పొయ్యి దగ్గర చిలగడదుంపలు తొక్క తీస్తున్నాను. నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాననుకుంటాను.

మా భాషకి మొదటి నిఘంటువు అది. ఆరేళ్ళుగా చేస్తున్నాం. చేపలు, తోటలు, జబ్బులు, ఆకాశం అంటూ కంప్యూటర్లో నలభై ఒక్క ఫోల్డర్లు. ఒక్కొక్కదాంట్లో మాటలు వేరుగా, బొమ్మలు వేరుగా, దిద్దిన ప్రతి ఏదో దిద్దనిది ఏదో తెలిసేలా తేదీలు వేసి పెట్టాను. వీటన్నిటినీ పేరుపేరునా పిలిచి పేజీలుగా కూర్చే తల్లి ఫైలు ఒకటుంటుంది. అది మాత్రం గెడిసా రాశాడు, సంపాదకుడు కదా.

మా భాషలో వానకున్న మాట మా మామగారి పేరు. మా వైపు కోడలు మామగారి పేరు పలకదు, రాయదు. పలికితే పళ్ళూడతాయని అత్తగారు పెళ్ళిలోనే చెప్పింది. పందొమ్మిదేళ్ళుగా నాకు వాన ‘పైనుంచి దిగేది’. ఆ ఫోల్డరుకీ అదే పేరు పెట్టాను. ఆలోచించి పెట్టలేదు, చెయ్యి అలా వెళ్ళిపోయింది. తల్లి ఫైలు అసలు పేరుతో పిలిచింది, దొరక్కపోతే ఊరుకుని తర్వాతదానికి వెళ్ళిపోయింది.

లాయె పట్నంలోని ప్రెస్సు నుంచి నమూనా ప్రతి వచ్చిన రోజు చర్చి పెద్దలు మా ఇంట్లోనే కూర్చున్నారు. రేకుల మీద వాన దంచుతోంది.

“ఏవయ్యా గెడిసా, మన ఊళ్ళో వానే పడదా?” అన్నాడు ఒకాయన పేజీలు తిప్పుతూ. అందరూ పగలబడి నవ్వారు.

సంగతి తెలిశాక గెడిసా తల కొట్టుకున్నాడు. “టైపు చేస్తే పలికినట్టు కాదే! ఇంత చదువుకుని ఇదేం చాదస్తం?” తనే కూర్చుని ఆ ఫోల్డరు పేరు మార్చాడు. “చూశావా, అర నిమిషం పని.”

“మరి నేననే మాట ఎక్కడ పెట్టను?” అనడిగాను.

“ఏ మాట?”

“పైనుంచి దిగేది.”

“అదీ ఒక మాటేనా! మీ ఆడవాళ్ళు ఏదో సర్దుకోడానికి అనుకునేది. దీంట్లో అసలు మాటలే ఉండాలి.”

నాకు కోపం రావాలి. రాలేదు. తిమ్మిరెక్కిన కాలిని గిచ్చినా తెలియదు చూడండి, అలా ఉంది. టీ కప్పులు తీసుకెళ్ళి కడిగాను. పందొమ్మిదేళ్ళు నేను మాట్లాడిన దాంట్లో మాట కానిది ఎంతుందో లెక్క తేలలేదు. ఆ పుస్తకం అచ్చయితే నేను మాట్లాడనట్టే.

మధ్యాహ్నం అత్తగారు వచ్చి నా పక్కన కూర్చుంది. “దీంట్లో కుక్కని ఏమని రాశారు?” అంది. చదివి వినిపించాను. ఆవిడ చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అది ఆవిడ మామగారి పేరట. ఆయన పోయి ముప్పై ఏళ్ళయింది.

“మరి నువ్వేమంటావు?”

“గుమ్మందగ్గరిది” అంది సిగ్గుపడుతూ. “మా అక్క నిప్పుని ఏమనేదో తెలుసా?”

ఆదివారం చర్చి వెనక ఆడవాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఒకరు చెప్పడం మొదలుపెడితే ఇంకొకరు అందుకున్నారు. ఉప్పు, పంది, అలలు, గొడ్డలి. నూట అరవై మూడు మాటలు. ఎవరివి వాళ్ళ పేర్లతో రాసుకున్నాను, నాది కూడా. నలభై రెండో ఫోల్డరు చేసి ‘కోడళ్ళ మాటలు’ అని పేరు పెట్టాను. దాన్ని పిలవమని తల్లి ఫైల్లో ఒక వరుస చేర్చాను. ఒకసారి కూర్చి చూశాను. పద్నాలుగు పేజీలు వచ్చాయి.

సోమవారం పొద్దున ప్రెస్సుకి పంపాలి. గెడిసా గడ్డం గీసుకుంటున్నాడు. “ఒకసారి చూస్తావా?” అనడిగాను, నిజంగానే అడిగాను.

“నువ్వు చూశావుగా, పంపెయ్” అన్నాడు అద్దంలోంచి కళ్ళు తిప్పకుండా.

పంపేశాను.